అడుగున సెగ, మూతపైన నిప్పు: రాగి దిబ్బరొట్టె

మినపపిండిని మందపాటి గిన్నెలో పోసి, మూత పెట్టి, సన్నని సెగపై నిదానంగా కాల్చిన దళసరి రొట్టెను దిబ్బరొట్టె అంటారు. కోస్తా జిల్లాలలో దీనికే మినపరొట్టె అని మరొక పేరు. వేమగల్ పరిసర గ్రామాలలో ఉదయపు ఫలహారమంటే ఎక్కువగా సంగటి, దోసె, రాగిరొట్టె, ఉప్మాలే గుర్తుకు వస్తాయి. ఇక్కడ ఇంటింటా ఉండే రాగిపిండిని, కాలానికి దొరికే పితికిపప్పును, కోడిగుడ్లను దిబ్బరొట్టెకు చేర్చినట్లయితే, ఒకే గిన్నెలో ఇంటిల్లిపాదికీ సరిపోయే బలమైన ఫలహారం సిద్ధమవుతుంది.

పాశ్చాత్య దేశాలలో గుడ్లు, పాలు, రొట్టెముక్కలు, కూరగాయలు ఒకే పాత్రలో కలిపి ఓవెన్‌లో కాల్చే ఉదయపు వంటకాన్ని కాసరోల్ అని పిలుస్తారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు గిన్నె అనే అర్థం. మన అంగళ్లలో అదే పేరుతో అమ్మే వేడిడబ్బా వేరు. గుజరాత్‌లో బియ్యం, పప్పులు నానబెట్టి రుబ్బి, పులియబెట్టి, సొరకాయ తురుము కలిపి కాల్చే హాండ్వో కూడా ఈ కోవకు చెందినదే. దేశం ఏదైనా సూత్రం ఒక్కటే: అన్నీ ఒకే పాత్రలో చేరాలి, సెగ నాలుగు వైపుల నుండి నిదానంగా తగలాలి.

ఎవరికి ఉపయోగం

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడిన తరువాత, అక్కడి కుటుంబాలలో అనేకులు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లడం అలవాటు చేసుకున్నారు. నరసాపుర, వేమగల్ పారిశ్రామిక ప్రాంతాలలో షిఫ్టులకు వెళ్లేవారు, పాల కేంద్రానికి పాలు పోసేవారు, కోలారు మార్కెట్టుకు టమాటా తోలేవారు కూడా పొద్దు పొడవక ముందే ఇల్లు కదలవలసినవారే. టీ, బిస్కట్లతో బయలుదేరితే మధ్యాహ్నం వరకు ఒంట్లో సత్తువ నిలవదు.

దీనిలో మరొక విషయమూ ఉంది. దోసెలు ఒక్కొక్కటిగా పోయాలి. పోసేవారు పొయ్యి దగ్గరే నిలబడి, అందరూ తిన్న తరువాత మిగిలినది తింటారు. ఏమీ మిగలని రోజులూ ఉంటాయి. గిన్నెలో కాల్చే రొట్టెకు అటువంటి కాపలా అక్కరలేదు. మూత పెట్టిన తరువాత నడుమ ఒకసారి చూసుకుంటే చాలు. ఆవు పాలు పితికి వచ్చేలోపు అది దాని పాటికి కాలుతుంది. వండినవారు కూడా అందరితోపాటు కూర్చుని తమ వంతు ముక్క వేడిగా తినవచ్చు.

కావలసిన పదార్థాలు (ఐదుగురికి)

మినపపప్పు: 1 గ్లాసు (200 గ్రాములు)
ఇడ్లీరవ్వ: 1 గ్లాసు (సుమారు 170 గ్రాములు)
రాగిపిండి: 1 గ్లాసు (సుమారు 120 గ్రాములు)
మెంతులు: అర చెంచా
ఉడికించిన పితికిపప్పు: 1 గ్లాసు
కోడిగుడ్లు: 4
ఉల్లిపాయలు: 2
పచ్చిమిరపకాయలు: 4
అల్లం: చిన్న ముక్క
జీలకర్ర: 1 చెంచా
మిరియాల పొడి: పావు చెంచా
కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు: తగినంత
నూనె: 4 పెద్ద చెంచాలు

అనపకాయల గింజలను నానబెట్టి, పైతొక్క పోయేలా పితికి తీసినదే పితికిపప్పు. కన్నడంలో అవరెకాయ అని పిలిచే ఈ కాయలు చలికాలంలో విరివిగా దొరుకుతాయి. మిగిలిన నెలలలో నానబెట్టి ఉడికించిన అలసందలు, లేదా సన్నగా తరిగిన మునగాకు వాడుకోవచ్చు.

ముందురోజు చేయవలసిన పని

మినపపప్పు, మెంతులు కలిపి నాలుగు గంటలు నానబెట్టాలి. ఇడ్లీరవ్వను కడిగి ఒక గంట విడిగా నానబెట్టాలి. పప్పును కొద్దికొద్దిగా నీరు చల్లుతూ మెత్తగా, నురుగు వచ్చేలా రుబ్బాలి. రవ్వను నీరు పిండి దీనిలో కలపాలి. రాగిపిండిని వేరే గిన్నెలో కొద్ది నీటితో ఉండలు లేకుండా కలిపి, ఆ తరువాతే చేర్చాలి. పిండి ఇడ్లీపిండికంటె కొంచెం గట్టిగా ఉండాలి. ఉప్పు వేసి చేత్తో బాగా కలిపి, మూత పెట్టి ఉంచాలి.

కోలారు ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్నందున, మార్గశిర, పుష్య మాసాలలో పిండి పులియడం ఆలస్యమవుతుంది. వేసవిలో ఎనిమిది గంటలు చాలినచోట, చలికాలంలో పన్నెండు గంటలకు పైగా పట్టవచ్చు. అందుచేత చలిరోజులలో సాయంత్రం పొద్దు ఉండగానే రుబ్బి, గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన వెచ్చని చోట ఉంచడం మేలు.

రాగిలో గోధుమకు ఉన్న జిగురు లేదు. పులిసేటప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచి, రొట్టెను పొంగించే పని మినపపప్పుదే. రాగిపిండి ఎక్కువ చేస్తే పోషకాలు పెరుగుతాయని మినపపప్పు తగ్గించడం సరికాదు. రొట్టె ఇటుకలా గట్టిపడుతుంది.

ఉదయం కాల్చే విధానం

1. పులిసిన పిండిలో పితికిపప్పు, ఒక ఉల్లిపాయ తరుగు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, కరివేపాకు కలపాలి. గుడ్లను రాత్రి పిండిలో కలపరాదు. ఉదయమే పగలగొట్టాలి.

2. సుమారు 24 సెంటీమీటర్ల వెడల్పు గల మందపాటి ఇనుప లేదా ఇత్తడి గిన్నెను వేడిచేసి, మూడు చెంచాల నూనె వేసి, అంచుల వరకు తగిలేలా తిప్పాలి. ఇత్తడి గిన్నెకు లోపల కళాయి ఉండాలి.

3. పిండిని రెండు వేళ్ల మందాన పోసి మూత పెట్టాలి. మూడు నిమిషాలు మధ్యరకం సెగ, ఆపైన ఇరవై ఐదు నిమిషాలు బహు సన్నని సెగ ఇవ్వాలి.

4. గుడ్లను మిగిలిన ఉల్లితరుగు, కొత్తిమీర, మిరియాల పొడి, చిటికెడు ఉప్పుతో గిలకొట్టి రొట్టెపైన సమానంగా పోయాలి. అంచుల వెంట మిగిలిన నూనె వదిలి, మరల మూత పెట్టి పది, పన్నెండు నిమిషాలు కాల్చాలి.

5. నడుమ సన్నని పుల్ల గుచ్చి చూడాలి. తడి అంటకుండా రావాలి. పైన గుడ్డు పూర్తిగా గట్టిపడాలి. దించి ఐదు నిమిషాలు ఆగి ముక్కలు కోస్తే విరగకుండా వస్తుంది.

గుడ్డు తిననివారు నాలుగవ అంచె విడిచి, ఇరవై ఐదు నిమిషాల తరువాత రొట్టెను అట్లకాడతో తిరగవేసి మరొక పది నిమిషాలు కాల్చుకోవచ్చు. వేరుశనగ చట్నీ, లేదా టమాటా పచ్చడి దీనికి తగిన తోడు.

ఓవెన్ లేని లోటు ఎలా తీరుతుంది

గ్యాసు పొయ్యి అడుగునుండి మాత్రమే వేడినిస్తుంది. మూత కింద ఆవిరి పైభాగాన్ని ఉడికిస్తుందే కాని ఎర్రగా కాల్చలేదు. ఓవెన్ గొప్పతనమల్లా పైనుండి, పక్కలనుండి కూడా వేడి తగలడమే. కట్టెలపొయ్యిపై దిబ్బరొట్టె కాల్చిన పెద్దలు మూతపైన నిప్పులు పరచి ఈ లోటు తీర్చుకున్నారు. నేడు కూడా కట్టెలపొయ్యి ఉన్నవారు గుడ్డు గట్టిపడిన తరువాత చివరి ఐదారు నిమిషాలు ఇనుప మూతపై నిప్పులు వేస్తే పైభాగం బంగారు రంగు తిరుగుతుంది. నిప్పులు, కుంపటి వాడేటప్పుడు తలుపులు, కిటికీలు తెరచి ఉంచడం తప్పనిసరి. చలికాలంలో మూసిన గదిలో నిప్పులనుండి వెలువడే విషవాయువుకు వాసన ఉండదు. అది ప్రాణాంతకం.

ఓవెన్ ఉన్నవారు ముందుగా 180 డిగ్రీల సెల్సియస్‌కు పది నిమిషాలు వేడిచేసి, పిండిని ముప్పై నిమిషాలు, గుడ్లు పోసిన తరువాత పది, పన్నెండు నిమిషాలు కాల్చాలి.

పోషకాల లెక్క

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు, 7 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. అదే తూకం తెల్లబియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములకు లోపే. పై కొలతలతో చేసిన రొట్టెలో పితికిపప్పును లెక్కలోకి తీసుకోకుండానే మనిషికి సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. పులియబెట్టడం వలన ధాన్యంలోని ఇనుము శరీరానికి అందకుండా అడ్డుకునే పదార్థం కొంత తగ్గుతుంది. రక్తహీనత గల స్త్రీలకు, ఎదిగే పిల్లలకు ఇది ఉపకరించే అంశం. మధుమేహం ఉన్నవారు మాత్రం రాగి కదా అని మోతాదు మించరాదు. మెత్తని పిండి కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది.

భారతదేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ పేరుతో నగరాలలో ఖరీదైన పొట్లాలుగా అమ్ముడయ్యే ధాన్యం మన గాదెలలో ఎప్పటినుండో ఉన్నదే.

సాధారణంగా జరిగే పొరపాట్లు

అడుగు మాడి నడుమ పచ్చిగా ఉంటే సెగ ఎక్కువైందని అర్థం. పలుచని గిన్నె తప్ప వేరే లేనివారు దాని కింద పాత దోసెపెనం ఉంచుకోవాలి. రొట్టె పొంగకపోతే పిండి పులియలేదని, లేదా మినపపప్పు చాలలేదని గ్రహించాలి. పైన నీరు నిలిస్తే మూతకు పట్టిన ఆవిరి కారిందన్నమాట. మూత లోపలివైపు పొడిగుడ్డ కట్టి, దాని కొసలు సెగకు తగలకుండా మూతపైన ముడివేయాలి. మూతపై నిప్పులు వేసేటప్పుడు ఈ గుడ్డను ముందే తీసివేయాలి.

కోసిన ముక్కలు చల్లారిన తరువాత డబ్బాలో పెట్టి పంపవచ్చు. గుడ్డు వేసిన రొట్టెను మధ్యాహ్నానికి నిలువ ఉంచక, ఉదయపు పూటలోనే తినివేయాలి. గుడ్డు లేనిది మధ్యాహ్నం వరకు నిలుస్తుంది. ముక్కలు కోసేటప్పుడు ఇంట్లో ఎందరున్నారో లెక్కించి, వండినవారిని కూడా ఆ లెక్కలో చేర్చి కోయాలి.