రేవుకు ముందరి దీవి: సింగపూరు సెయింట్ జాన్స్ దీవి - తెలుగు వలస చరిత్ర

సింగపూరు చరిత్రను నది ముఖద్వారం నుంచి మొదలుపెట్టడం వాడుక. స్టాంఫర్డ్ రాఫిల్స్ దిగాడని చెప్పే చోట తెల్లని విగ్రహం ఉంది. సందర్శకులు ముందుగా చేరేది అక్కడికే. అయితే 1819 జనవరి 28 సాయంత్రం రాఫిల్స్ ఓడలు లంగరు వేసింది నదిలో కాదు, దక్షిణాన ఉన్న సెయింట్ జాన్స్ దీవి దగ్గర. ఆయన నేలపై అడుగుపెట్టింది మరునాడు. తెమెంగోంగ్ అబ్దుర్ రహమాన్, సుల్తాన్ హుస్సేన్‌లతో ఒప్పందం కుదిరింది ఫిబ్రవరి 6న. నగరస్థాపకుడు దీవి చెంత ఆగింది ఒక్క రాత్రే. తరువాతి కాలంలో అదే దీవిలో రోజుల తరబడి ఆగవలసి వచ్చినవారి వైపు నుంచి ఈ రేవు చరిత్రను చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

మెరీనా సౌత్ పియర్‌లో పడవ ఎక్కితే గంటలోపే ఈ దీవి చేరవచ్చు. దారి పొడవునా లంగరు వేసిన సరకు ఓడలు, చమురు ఓడలు కనిపిస్తాయి. దీవి మలయా పేరు పులావ్ సకిజాంగ్ బెందేరా. 'సకిజాంగ్' అన్న పలుకే ఆంగ్ల నావికుల చెవిలో 'సెయింట్ జాన్' అయిందంటారు. 'కిజాంగ్' అంటే అడవిజింక. జింక పేరు క్రైస్తవ మహనీయుడి పేరుగా మారిన ఈ తీరు స్థలనామ పరిశోధకులకు ఆసక్తి కలిగించేదే.

1873లో సింగపూరులో కలరా వ్యాపించింది. మరుసటి ఏడాది ఈ దీవిపై క్వారంటైన్ కేంద్రం వెలిసింది. దక్షిణ చైనా నుంచీ, భారత తీరం నుంచీ వచ్చే కూలీలను, మక్కా యాత్ర ముగించుకొని తిరిగివచ్చే వారిని ఇక్కడ దింపేవారు. మందునీటి స్నానం చేయించి, బట్టలను ఆవిరితో శుద్ధిచేసి, వ్యాధి లేదని తేలేవరకు ఆపేవారు. 1930 నాటికి ఇది ప్రపంచంలో పేరుపొందిన క్వారంటైన్ కేంద్రాలలో ఒకటి. గమనించవలసిన విషయం ఒకటుంది. పై తరగతుల ప్రయాణికులను ఓడలోనే పరీక్షించి నేరుగా రేవుకు పంపేవారు. డెక్ ప్రయాణికులు మాత్రం దీవిలో దిగవలసిందే. రోగక్రిమికి టిక్కెట్టు తరగతితో పని లేదు. పాలకులకు మాత్రం ఉంది. కనుక ఈ దీవి చరిత్రను వైద్యచరిత్రగా మాత్రమే చదివితే సగమే చదివినట్లు.

ఈ డెక్ ప్రయాణికులలో తెలుగువారు ఎందరు? ఈ ప్రశ్న దగ్గరే మన పరిశోధన చిక్కులో పడుతుంది. వలస పాలనకు మనుషులను భాషను బట్టి కాక, బయలుదేరిన రేవునుబట్టీ ప్రెసిడెన్సీనిబట్టీ లెక్కించే అలవాటు తొలినుంచీ ఉంది. 1824 ఒప్పందంతో బెంకూలెన్ డచ్చివారి పరం కావడంతో అక్కడి భారతీయ ఖైదీలను 1825 ఏప్రిల్‌లో సింగపూరుకు తెచ్చారు. మొదట 80 మంది 'మద్రాసు' ఖైదీలు, వారం తర్వాత 122 మంది 'బెంగాల్' ఖైదీలు వచ్చారని, ఆ ఖైదీల వ్యవస్థకు అధికారిగా పనిచేసిన మెక్‌నెయిర్ 1899లో ప్రచురించిన గ్రంథం ఆధారంగా తెలుస్తుంది. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం నుంచి తిరునల్వేలి దాకా విస్తరించింది. ఆ 80 మందిలో గోదావరి మనిషి ఉన్నా 'మద్రాసు' అన్న మాటే అతణ్ణి కప్పివేస్తుంది.

జనవ్యవహారంలోని 'క్లింగ్' అన్న మాట మరింత చిత్రమైనది. కళింగ శబ్దం నుంచి వచ్చిందని ఎక్కువమంది అంగీకరించే ఈ పదం మలయా ప్రాంతంలో దక్షిణ భారతీయులందరికీ పేరైంది. వారిలో అత్యధికులు తమిళులు. మన తీరం పేరు మొదట మిగిలి, మన మనుషులు అందులో కనబడకుండా పోయారు. తర్వాత అది కించపరిచే మాటగా కూడా మారింది.

ఖైదీల శ్రమ నగరంలో నేటికీ నిలిచి ఉంది. 1856లో శంకుస్థాపన జరిగి 1861లో ఆరాధన మొదలైన సెయింట్ ఆండ్రూస్ చర్చిని కట్టింది వారే. దాని గోడలకు పూసిన 'మద్రాసు చునం'లో సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, చక్కెర, కొబ్బరిపీచు నానబెట్టిన నీరు కలిశాయి. 'చునం' మన సున్నానికి దగ్గరి చుట్టమే. ఆ నునుపు తెలిసిన చేతులు ఏ భాష మాట్లాడాయో కాగితాలలో లేదు.

తెలుగు వలసను పరిశీలించేవారు సాధారణంగా విశాఖపట్నం తీరం నుంచి ఒక్కసారిగా పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతు తోటలకు వెళ్లిపోతారు. మధ్యనున్న మజిలీని దాటవేస్తారు. ఈ వ్యాసకర్త కూడా చాలాకాలం అలాగే చదివాడు. నిజానికి పెరాక్ వైపు వెళ్లినవారికి సెయింట్ జాన్స్ కంటే పినాంగ్ చెంతనున్న పులావ్ జెరెజాక్ దీవి ముఖ్యం. అదీ క్వారంటైన్ దీవే. 1910లో ఒప్పందకూలీ విధానం మలయాలో రద్దయ్యింది. 1938లో భారత ప్రభుత్వం తోటకూలీల సహాయక వలసను నిలిపివేసింది. చట్టాలు మారినా డెక్ ప్రయాణికుల దీవి మజిలీ కొనసాగింది.

1948లో అత్యవసర పరిస్థితి విధించిన తర్వాత సెయింట్ జాన్స్ రాజకీయ నిర్బంధితులకూ చోటైంది. 1951లో అక్కడ నిర్బంధానికి గురైనవారిలో సి. వి. దేవన్ నాయర్ ఒకరు. మలక్కాలో పుట్టిన మలయాళీ, రబ్బరు తోట గుమస్తా కుమారుడు. 1981లో ఆయనే సింగపూరు అధ్యక్షుడయ్యాడు. తోటకూలీలను ఆపిన దీవి తోట గుమస్తా కొడుకునూ ఆపింది. 1955లో అక్కడే నల్లమందు బానిసల పునరావాస కేంద్రం వచ్చింది. నేడు అది విహారస్థలం. ఆదివారాలు గుడారాలు కనిపిస్తాయి. పక్కనున్న కుసు దీవికి చైనీయులు తొమ్మిదో చాంద్రమాసంలో యాత్రగా వెళతారు. దాని కథ వేరు.

మద్రాసు, నాగపట్నం, పినాంగ్, సింగపూరుల మధ్య 1926 నుంచి నడిచిన 'రాజులా' ఓడ 1973లో ఆ మార్గం విడిచింది. దాని చివరి ప్రయాణాలలో తల్లిదండ్రులతో డెక్‌పై వచ్చిన పిల్లలకు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు ఉంటాయి. పాలనాపత్రాలు 'మద్రాసు' అని వదిలేసిన చోట ఇంటిపేరు, ఊరు, ఇంట్లో పలికిన భాష చెప్పగలవారు వారే. బగాన్ దాతులోనూ సింగపూరులోనూ ఉన్న తెలుగు కుటుంబాల నుంచి ఆ జ్ఞాపకాలను సేకరించే పని, జెరెజాక్, సెయింట్ జాన్స్‌లలో ఎన్ని రోజులు ఆగారన్న చిన్న ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు.