సూపర్‌మార్కెట్ ఆహార వ్యర్థాల నుంచి విద్యుత్తు

సూపర్‌మార్కెట్లలో అమ్ముడుపోని ఆహారాన్ని గాలి చొరబడని ట్యాంకుల్లో బ్యాక్టీరియాతో కుళ్లబెట్టి, వెలువడే బయోగ్యాస్ నుంచి కరెంటు, వేడి పొందే పద్ధతి ఇది. ఈ వాయువులో సగానికి పైగా మీథేన్ ఉంటుంది. చిత్తడి నేలల్లో బుడగలుగా పైకి తేలే వాయువు మండుతుందని 1776లో ఇటలీలోని మజోరె సరస్సు వద్ద అలెస్సాండ్రో వోల్టా గమనించాడు. 1890లలో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో మురుగునీటి వాయువుతో దీపాలు వెలిగించారు. భారతదేశంలో 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో గోబర్ గ్యాస్ ప్లాంట్లు పల్లెలకు చేరాయి.

బ్రిటన్‌లో దుకాణాల వ్యర్థాలను ఈ దారి పట్టించింది ప్రధానంగా పన్నుల విధానమే. చెత్తను భూమిలో పూడ్చినందుకు 1996 అక్టోబరు 1 నుంచి అక్కడ పన్ను విధించారు. మొదట టన్నుకు 7 పౌండ్లున్న ఆ పన్ను 2014 నాటికి 80 పౌండ్లకు చేరడంతో వ్యాపారులు చెత్తను కూడా లెక్కల్లోకి తీసుకోక తప్పలేదు. పూడ్చే జీవవ్యర్థాలను తగ్గించాలని 1999లో ఐరోపా సమాఖ్య ఆదేశించింది. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి ప్రబలాక వంటశాలల మిగుళ్లను పందులకు మేపడం నిషిద్ధమైంది. దాంతో మరో పాత దారి మూసుకుపోయింది. 2010లో చిన్న ప్లాంట్ల కరెంటుకు ప్రభుత్వం హామీ ధర ప్రకటించింది.

ఈ క్రమంలో చెప్పుకోదగ్గ ఘట్టం 2014 జులైలో స్టాఫర్డ్‌షైర్‌లోని కానక్‌లో జరిగింది. అక్కడి సెయిన్స్‌బరీస్ దుకాణం రోజువారీ కరెంటుకు జాతీయ గ్రిడ్‌పై ఆధారపడటం మానేసింది. సమీపంలోని బిఫా సంస్థ ప్లాంటు నుంచి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ప్రత్యేక కేబుల్ వేసి కరెంటు తెచ్చుకుంది. సెయిన్స్‌బరీస్ దుకాణాల్లో మిగిలినవాటిలో తినదగినది ముందు దాన సంస్థలకు, తరువాత పశువుల దాణాకు వెళ్లేది. ఎందుకూ పనికిరానిదే ప్లాంటుకు చేరేది. ఇలాంటి ప్లాంట్లలో యంత్రాలు ప్యాకెట్లను చీల్చి ప్లాస్టిక్‌ను వేరుచేస్తాయి. ముద్దగా మారిన ఆహారాన్ని రోగక్రిములు చచ్చేలా వేడిచేసి, గోరువెచ్చని ట్యాంకుల్లో కొన్ని వారాలు ఉంచుతారు. గ్యాస్ ఇంజన్లకు, మిగిలిన ద్రవం పొలాలకు ఎరువుగా పోతుంది.

తినగలిగే తిండిని కరెంటుగా మార్చడం సబబేనా అన్న విమర్శ మొదటినుంచీ ఉంది. 2016లో ఫ్రాన్స్ చేసిన చట్టం పెద్ద దుకాణాలు తినదగిన ఆహారాన్ని కావాలని పాడుచేయకూడదని, దాన సంస్థలతో ఒప్పందం చేసుకోవాలని నిర్దేశించింది.

హైదరాబాద్‌లో ఇదే పద్ధతి సూపర్‌మార్కెట్‌లో కాక బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో అమలైంది. అక్కడి ప్లాంటుకు సాంకేతికతను భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) అందించింది. 2021 జనవరి 31న 'మన్ కీ బాత్'లో ప్రధాని దీన్ని ప్రస్తావించారు. అప్పట్లో అక్కడ రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల జీవ ఇంధనం తయారయ్యేవి. ఆ కరెంటును మార్కెట్ దీపాలకు, ఇంధనాన్ని మార్కెట్ క్యాంటీన్‌లో వంటకు వాడారు.