డాక్టర్ జాకాల్ తరఫున ఒక మాట

2000 సంవత్సరం, మే నెల, ఆదివారం. పన్నెండుకు ఇంకా పది నిమిషాలుంది. కొలిమిగుండ్ల పక్కన ఓ పల్లె. కర్నూలు జిల్లా ఇక్కడితో అయిపోతుంది, కాస్త ముందుకు పోతే కడప జిల్లా. చెప్పుల్లేకుండా బయటికొచ్చావు కాబట్టి గోడల నీడ పట్టుకుని పరిగెత్తుతున్నావు. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి లేచిన తెల్లటి బండదుమ్ము వేపచెట్ల మీద పేరుకుని ఉంది.

ఊళ్ళో టీవీ ఉన్న పెద్దాయన ఇల్లు వచ్చేసింది. పడసాలలో నేలంతా నాపబండలు. ముందొచ్చినవాళ్ళు చొక్కాలు పైకెత్తి, పొట్ట బండకు ఆనించి బోర్లా పడుకున్నారు. నీకు తలుపు దగ్గర చోటు దొరికింది. కరెంటు పొద్దున్నే పోయింది. వాకిట్లో ఆపిన ట్రాక్టరు బ్యాటరీ నుంచి రెండు వైర్లు కిటికీలోంచి లోపలికొచ్చి పద్నాలుగు అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగులుకున్నాయి. మిద్దె మీద ఒకడు యాంటెనా తిప్పుతున్నాడు.

"వచ్చిండాదా?"

"గీతలు వస్తాండాయి!"

"ఇబ్బుడు?"

"ఆ, ఉండు, ఉండు... పోయె!"

బొమ్మ నిలబడేసరికి 'శక్తిమాన్' సీరియల్ పాట సగమైపోయింది. ఎవరికీ బాధ లేదు. పాట అందరికీ నోటికొచ్చు, అర్థం మాత్రం ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడు టీవీ పక్కన గోడకానుకుని కూర్చున్నాడు: దర్జీ కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు, ఇంట్లో దక్కనీ మాట్లాడతారు. పిల్లలంతా 'భాయ్' అంటారు. దూరదర్శన్ హిందీని మా సీమ తెలుగులోకి దించే పని అతనిది. సీమలో ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి భాయ్ ఒకడు ఉండే ఉంటాడు.

తెర మీద విలన్ తామ్రాజ్ కిల్విష్ సింహాసనమెక్కి గొంతు చించుకుంటున్నాడు. భాయ్ తాపీగా చెప్తాడు: "చీకటి యాడికీ పోకూడదంటాండాడు. దానికింత అరుపెందుకప్పా, మన కరెంటోళ్ళకు ఒక మాట చెప్తే సరిపోతాది."

పడసాల అంతా నవ్వు. స్తంభం దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న జేజి తలెత్తి చూస్తుంది. "ఈయప్ప ద్రోణుడు గదరా? ఆయన భీష్ముడు. ఇద్దరూ ఒకే పక్కనుండిరి గదా, ఇబ్బుడెందుకు కొట్లాడుకుంటాండారు?" జేజి చెప్పింది అక్షరాలా నిజం. బి.ఆర్. చోప్రా మహాభారతంలో భీష్ముడు వేసిన ముకేశ్ ఖన్నానే శక్తిమాన్, ద్రోణుడు వేసిన సురేంద్ర పాలే కిల్విష్.

ఇప్పుడు శక్తిమాన్ మారువేషం గంగాధర్ వచ్చాడు. పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. ఎత్తుపళ్ళు, సోడాబుడ్డి అద్దాలు, పత్రికలో ఫొటోగ్రాఫర్ ఉద్యోగం. ఎదురుగా విలేకరి గీతా విశ్వాస్. రోజూ పక్కనే తిరిగే మనిషి శక్తిమాన్ అయితే ఆమె పోల్చుకోలేదు. "అద్దాలు తీస్తే మనిషిని గుర్తుపట్టలేని ఈ యమ్మి పేపర్లో ఏం వార్తలు రాస్తాదబ్బా?" అంటాడు భాయ్. నీ పక్కనోడు కోపంగా చూస్తాడు.

అంతలో శక్తిమాన్ గిరగిరా తిరగడం మొదలైంది. ఎవరూ ఊపిరి తీయడం లేదు. భాయ్ ముందుకు వంగి టీవీ అద్దం మీద వేలు పెట్టాడు. "ఈ అంచు సూడండి. కత్తెరతో కోసినట్ల వణుకుతాంది. మనిషిని యాడ్నో నీలం గుడ్డ ముందర నిలబెట్టి తీసి, ఆకాశానికి అతికిచ్చినారు. ఆ వెనక మోడం సూడు, పోయిన వారం గూడా అదే మోడం." వేలు ఉన్నచోటికి కళ్ళు చిట్లించి చూస్తావు. అంచు నిజంగానే వణుకుతోంది. ఇక మీదట అది కనిపించకుండా ఒక్కసారైనా చూడలేవు.

"నీకు బాగలేకుంటే పోరాదా?" అని పక్కనోడు అరిచాడు.

"బాగలేకుంటే ఈ ఎండలో వచ్చే ఖర్మ నాకేంది?" అన్నాడు భాయ్.

చివర్లో శక్తిమాన్ పిల్లలకు బుద్ధులు చెప్తాడు. తెరమీది పిల్లలు సారీ చెప్తారు. అతన్ని చూసి పిల్లలు మిద్దెల మీంచి దూకుతున్నారని దేశమంతా గొడవ లేచాక, అలాంటి పనులు చేయొద్దని కూడా ఆయనే తెరమీద చెప్పాల్సి వచ్చింది. ఈ భాగాన్ని భాయ్ తెలుగు చేయడు. "ఇది మీ అమ్మ చెప్తాది, పోండి" అని లేస్తాడు.

అసలు వాదన వాకిట్లో వేపచెట్టు కింద మొదలవుతుంది. ఆ ఎండాకాలమే మీ చిన్నాయన బోరు వేయించాడు. పాయింటు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి చేనంతా తిరిగితే, ఒకచోట కాయ నిక్కి నిలబడింది. వైర్లు పరిచి, మీటరు పెట్టి, భూమి లోపల ఏముందో చూసే జియాలజిస్టును పిలుద్దామని ఎవరో అంటే, వాడికేం తెలుసన్నారు. బోరుబండి పొద్దుగూకేదాకా తెల్ల దుమ్మే పోసింది. అందుకే భాయ్ అడిగిన ప్రశ్న నీకు సూటిగా తగిలింది: "ఈ సీరియల్లో సైంటిస్టు ఎవరు?"

డాక్టర్ జాకాల్. లలిత్ పరిమూ ఆడిన పాత్ర. చింపిరి జుట్టు, పవర్ పవర్ అని కేకలు, సీసాల్లో పొగలు. మాకు గుర్తున్న సైంటిస్టు అతనొక్కడే, అతనూ విలనే. హీరోకు శక్తి వచ్చిందేమో సూర్యాంశీ సాధువుల దయతో: కుండలిని, ఏడు చక్రాలు, పంచభూతాలు. ల్యాబు కనిపిస్తే చాలు, అది దుర్మార్గుల స్థావరమని ప్రతి పిల్లాడికీ ముందే తెలిసిపోతుంది. వణికే అంచు, పాత మోడం నాకు చిన్న విషయాలు, డబ్బుల్లేక అట్లా తీశారు. ఈ తప్పు మాత్రం డబ్బుల వల్ల వచ్చింది కాదు.

డబ్బుల మాటకొస్తే, 1966లో మొదలైన అమెరికా అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్ సెట్లూ అట్టపెట్టెలే. దాన్ని ఆపేస్తారన్న మాట వినబడగానే అమెరికాలో అభిమానులు టీవీ కంపెనీకి ఉత్తరాలు కుమ్మరించి మూడో ఏడు కూడా తీయించారు. ఆ మూడో ఏడును అందరికంటే ఎక్కువ తిట్టిందీ ఆ అభిమానులే. కానీ ఆ సీరియల్లోని అంతరిక్ష ఓడలో చిక్కు వస్తే సైన్సు ఆఫీసర్ని పిలుస్తారు. మన దగ్గరా కేతన్ మెహతా 1998లో కెప్టెన్ వ్యోమ్ తీశాడు, మిలింద్ సోమన్ హీరో, కథాకాలం 2123. అది నిలబడలేదు. నిలబడింది శక్తిమానే, 1997 సెప్టెంబరు నుంచి 2005 మార్చి దాకా. నిలబడ్డాక సాగదీశారు. విలన్ పోతే విలన్, చచ్చినవాడు మళ్ళీ లేవడం, ఒక్క దెబ్బతో తేలే గొడవకు నాలుగు వారాలు. ఊళ్ళో కేబుల్ వచ్చేసరికి పడసాలలో సగం పిల్లలు జారుకున్నారు. భాయ్ మాత్రం తిట్టుకుంటూ వస్తూనే ఉన్నాడు.

2002లో బెలుం గుహలు జనానికి తెరిచారు. కొలిమిగుండ్ల మండలమే, 3,229 మీటర్ల పొడవు. లోపలికి దిగి చూస్తే, కిల్విష్ గుహ అని ఇన్నేళ్ళూ మాకు చూపించిన సెట్టు ఎంత పేదదో తెలిసింది. సున్నపురాయిని నీళ్ళు కోసి చేసిన గదులవి. అక్కడ ఒక్క ఎపిసోడ్ తీసి ఉంటే కథ కాస్త బలహీనంగా ఉన్నా క్షమించేవాణ్ణి.

2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ శక్తిమాన్‌ను మళ్ళీ వేసింది. రంగుల్లో చూశాను. ఆ దుస్తులు ముదురెరుపు. మొదటి ఏడాది ఎపిసోడ్లు ఇప్పటికీ బాగున్నాయి. గంగాధర్ వేషంలో ఖన్నా నవ్విస్తాడు, గీత పాత్రకు ధైర్యముంది, కిల్విష్‌ను చూస్తే నిజంగానే జంకుతాం. తర్వాతవి మీ ఓపిక.

2022లో సోనీ పిక్చర్స్ దీన్ని మూడు సినిమాలుగా తీస్తామని ప్రకటించింది. తీసేవాళ్ళకు ఒక విన్నపం: గ్రాఫిక్స్ ఎలాగూ బాగుంటాయి, వాటి బెంగ మాకు లేదు. జాకాల్‌ను ఉంచుకోండి, అతను లేకపోతే కథే లేదు. అతనికి ఎదురుగా, శక్తిమాన్ పక్కన నిలబడి లెక్కలు వేసి ప్రపంచాన్ని కాపాడే సైంటిస్టును ఒక్కరినైనా పెట్టండి. పెట్టకపోయినా మొదటి రోజే చూస్తాం, తిట్టాలి కదా.