వంశపత్రం ఉంటే సరిపోదు: శునకాల ఆరోగ్యం, జన్యువుల లెక్క

ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ రాయబారి సర్ థామస్ రో 1615 సెప్టెంబరులో సూరత్ సమీపంలోని సువాలీ రేవులో దిగారు. ఆ కాలంలో జహంగీర్ ఆస్థానానికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన కానుకల్లో మాస్టిఫ్ కుక్కలు కూడా ఉండేవి. విదేశీ శునకాలపై మోజు ఆ తీరానికి కొత్త కాదు.

కుక్క ప్రధానంగా రొప్పుతూ ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. సూరత్ వంటి సముద్రతీర ప్రాంతపు ఉక్కపోతలో అది కష్టం. పొట్టి ముక్కు కోసమే తరతరాలుగా ఎంపిక చేసిన పగ్‌లకు మరీ కష్టం. మనిషి ముచ్చటపడిన రూపమే వాటి ఊపిరికి అడ్డమైంది.

కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశపత్రం పూర్వీకులెవరో చెబుతుంది. వారిలో దాగిన లోపాలను చెప్పదు. లాబ్రడార్లలో క్రమంగా చూపు పోగొట్టే ఒక రకం రెటీనా వ్యాధినే తీసుకుందాం. దీనికి కారణం అంతర్గత జన్యువు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న ప్రతులు చేరితేనే వ్యాధి వస్తుంది. ఒక్క ప్రతే ఉన్న కుక్క వాహకం. దాని చూపు బాగానే ఉంటుంది. రెండు వాహకాలను జతకట్టిస్తే ప్రతి పిల్లకూ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. వాహకాన్ని లోపం లేని కుక్కతో జతకట్టిస్తే ఏ పిల్లకూ ఆ వ్యాధి రాదు, సగం పిల్లలు వాహకాలు కావచ్చు. డీఎన్‌ఏ పరీక్షతో ఈ సంగతి ముందే తెలుస్తుంది.

అలాగని వాహకాలన్నింటినీ పక్కనపెట్టడం తెలివైన పని కాదు. జాతిలోని జన్యు వైవిధ్యం కుంచించుకుపోయి మరో లోపం తలెత్తుతుంది. డాల్మేషియన్లకు జరిగింది అదే. యూరిక్ ఆమ్లం పెరిగి మూత్రంలో రాళ్లు ఏర్పరిచే లోపం జాతి అంతటా స్థిరపడింది. 1973లో అమెరికాలో ఒక డాల్మేషియన్‌ను పాయింటర్‌తో సంకరం చేసి సరైన జన్యువును తిరిగి తెచ్చారు. ఆ సంతతిని అమెరికన్ కెన్నెల్ క్లబ్ గుర్తించింది మాత్రం 2011లో!

తుంటికీలు లోపం ఇంత సులువుగా తేలదు. అనేక జన్యువులతో పాటు తిండి, బరువు కూడా అందులో పాలుపంచుకుంటాయి. అందుకే ఎక్స్‌రే అవసరం.

భారత ప్రభుత్వం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆడకుక్క 18 నెలలు నిండాకే జతకట్టాలి, ఏడాదికి ఒక్క ఈతే ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదు. ఈ చివరి నియమం స్వభావానికీ కీలకం. తల్లి, తోబుట్టువుల మధ్య గడిపే ఆ వారాల్లోనే పిల్ల కాటు బలాన్ని అదుపు చేసుకోవడం నేర్చుకుంటుంది. కొనేవారు తల్లిని ప్రత్యక్షంగా చూడాలి, తల్లిదండ్రులిద్దరి పరీక్ష పత్రాలూ అడగాలి.