శ్రవ్యగ్రంథము - పాత్రాంతరము
(జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల కథాగానము నాధారముగా ఒక పరిశీలన)

జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి అను పేర్లతో నేడు వ్యవహరింపబడు మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడినవి. అంతకు పూర్వము వీనిలో అధికభాగము వరంగల్లు జిల్లాలోనిదే. మహబూబాబాదునకు మానుకోట యను పాతపేరు ప్రజల నోట ఇంకను వినబడుచున్నది. మేడారము కొంతకాలము భూపాలపల్లి జిల్లాలో నుండి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా వేరైనప్పుడు దానిలో చేరినది. అయినను ఈ వ్యాసమునకు పరిపాలనా సరిహద్దులతో పని స్వల్పము. గ్రంథమును చూచి చదువుటకంటె విని గ్రహించుటయే తరతరాలుగా అలవాటైన ప్రాంతమిది. వెలయిచ్చి కొన్న శ్రవ్యగ్రంథమును, కొన్నవాడు తనకందుబాటులో నున్న చిన్నయంత్రమున వినుటకై మార్చుకొనుట యను నేటి విషయమును, ఈ ప్రాంతమునుండియే చరిత్రదృష్టితో పరిశీలింప నెంచితిమి.

శ్రవ్యగ్రంథమనగా ధ్వనిరూపమున నిలిపిన గ్రంథము. జనులు ఆడియోబుక్కని పిలుచుచున్నారు. 1877లో ఫోనోగ్రాఫును నిర్మించిన ఎడిసన్, మరుసటి యేడు తన యంత్రముయొక్క ప్రయోజనములను లెక్కించుచు, అంధులకు చదివి వినిపించు పుస్తకములను మొదటివానిలోనే పేర్కొనెను. ఆ కోరిక నెరవేరుటకు అర్ధశతాబ్దికి మించి పట్టినది. అమెరికాలో 1934లోను, ఇంగ్లండులో 1935లోను అంధులకై మాటాడు పుస్తకములు పళ్లెములమీద వెలువడినవి. అమెరికావి నిమిషమునకు 33⅓, ఇంగ్లండువి 24 చుట్లు తిరుగు పెద్ద పళ్లెములు. సాధారణ యంత్రములపై పలుకవు. కావున పుస్తకముతోపాటు యంత్రమును గూడ సమకూర్పవలసి వచ్చినది. గ్రంథమొకటి, దానిని పలికించు పరికరమింకొకటి, రెండును ఒకదాని కొకటి సరిపడవలెనను చిక్కు శ్రవ్యగ్రంథముతోపాటే పుట్టినదన్నమాట.

మన ప్రాంతమున ఈ చిక్కు లేని కాలము చాల దీర్ఘమైనది. పాలకుర్తికి చెందిన సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించెను. ద్విపద నోటికి తేలికగా పట్టును, గుంపుగా పాడుటకు వీలగును, గ్రంథము చేతలేకున్నను నడచును. తాళపత్రమునుండి కంఠమునకు, కంఠమునుండి మరియొక కంఠమునకు కావ్యమును మోసికొని పోగల ఛందస్సది. ఒగ్గుకథ యందును ఇట్లే. ఒగ్గు అనగా శివుని డమరుకము. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను ఒగ్గువారు రాత్రులకు రాత్రులు చెప్పుదురు. ప్రధానకథకుడు చెప్పుచుండగా ప్రక్కవాడు ఊకొట్టును, అడ్డుప్రశ్న వేయును, హాస్యమాడును. డోలు, తాళములు వెనుక నుండును. జనగామజిల్లా మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్యగారు ఈ కళను పల్లెనుండి దేశమెల్లెడలకు కొనిపోయినవారు. 2014 సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారము నందిరి. 2017 నవంబరులో కీర్తిశేషులైరి. అదే జిల్లాలో దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యగారు చిందు యక్షగానమునకు 2024లో పద్మశ్రీ నందిరి.

మానుకోట, భూపాలపల్లి ప్రాంతముల అడవిపల్లెలలో కోయల పడిగె కలదు. అది వస్త్రముపై చిత్రించిన వంశకథ. డోలీవారు దానిని నెలకొల్పి, డోలు వాయించుచు, సమ్మక్క, పగిడిద్దరాజుల కథలను గానము చేయుదురు. పగిడిద్దరాజు ఊరని చెప్పుకొను పూనుగొండ్ల నేటి మహబూబాబాదు జిల్లాలోనిదే. పడిగెను చుట్టచుట్టి భుజమున వేసికొని పోవచ్చును. అయితే పాడువాడు లేనిదే అది పలుకదు. గ్రంథమును మోయుటయు పలికించుటయు రెండు వేరుపనులని చూపుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము మాకు కానరాలేదు.

కంఠము మరువవచ్చును, తాళపత్రము శిథిలము కావచ్చును. పాలకుర్తి ప్రక్కనున్న బమ్మెర పోతనామాత్యుని గ్రామమని ఈ ప్రాంతపు విశ్వాసము. ఆయన భాగవతము కొంతకాలము భూమిలో పాతిపెట్టబడి చెడినదని ఒక ఐతిహ్యమున్నది. ఐతిహ్యము సంగతి యెట్లున్నను, గ్రంథము నందలి పంచమస్కంధము బొప్పరాజు గంగనది. షష్ఠస్కంధము ఏర్చూరి సింగనది. ఏకాదశ, ద్వాదశస్కంధములు వెలిగందల నారయవి. ఉన్న ప్రతి యొక్కటియై, అది యొక్కచోటనే చిక్కిన, గ్రంథమునకు కలుగు గతి యెట్టిదో తెలుగువాడు ఈ భాగవతమున ప్రతిదినము చదువుచునే యున్నాడు. ప్రతివ్రాసికొన్న లేఖకులను మనము చోరులనలేదు. ఈ మాట తరువాత మరల అవసరమగును.

1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారు భారతీయుల గానమును మొదట ముద్రించిరి. 1908లో ఆ నగరమునందలి సియాల్దాలో పళ్లెముల కర్మాగారము వెలసెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పదియంగుళముల పళ్లెమున ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి పట్టును. మన నాటకములు సెట్లుగా వెలువడినవి; పద్యము, రాగము సంక్షిప్తమైనవి. రాత్రంతయు సాగు ఒగ్గుకథ మూడేసి నిమిషముల ముక్కలలో ఇముడునా? ఇమిడించిన అది ఒగ్గుకథ కాదు. 1958లో అచ్చయిన ఆచార్య బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయసాహిత్యము పాటకు విశ్వవిద్యాలయమున పీట వేసినది. కాని అచ్చులోనికి మాట వచ్చునుగాని స్వరము రాదు. నాటి పరిశోధకుని ఇబ్బంది నేటి విద్యార్థి ఊహింపలేడు.

కాసెట్టు వచ్చినతోడనే స్థితి మారినది. ఫిలిప్సువారు 1963లో దానిని బయటపెట్టిరి. నాడా సెకనునకు 4.76 సెంటీమీటర్లు నడచును. అరువది నిమిషముల కాసెట్టున ప్రక్కకు ముప్పది నిమిషములు. 1980 తరువాత మనదేశమున కాసెట్టు చౌకయై పల్లెలకు చేరినది. 1974లో దివంగతులైన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత, తాత్పర్యసహితముగా మన గుడి మైకులలో, శవయాత్రలలో, తెల్లవారుజామున ఇండ్లలో వినబడుచుండుట అందరెరిగినదే. అది మొదట పెద్దపళ్లెము, తరువాత కాసెట్టు, ఆపైన సీడీ, నేడు సెల్‌ఫోనులోని ఫైలు. తెలుగునాట అత్యధికముగా పాత్రాంతరము పొందిన శ్రవ్యగ్రంథ మిదియే యని మా అభిప్రాయము. పళ్లెము కొన్నవాడే కాసెట్టును, కాసెట్టు కొన్నవాడే సీడీని మరల కొన్న ఇండ్లు మనలో ఎన్ని లేవు! ఒకే గ్రంథమునకు మూడుమార్లు వెల చెల్లించితిమి.

ఒగ్గుకథలును కాసెట్టులుగా అమ్ముడుపోయినవి. కాసెట్టున కథకు వ్యవధి లభించినది. కాని క్రొత్త నియమమొకటి వచ్చినది. ముప్పదవ నిమిషమునకు ప్రక్క మారవలెను. కథకుడు ఆ కొలతకు కథను సర్దుకొనవలె. శ్రోతలలోనివాని పేరు పిలిచి ఆడుకొను చనువు, ఊరిపెద్దకు చెప్పు దీవెన, కట్నము చదివించినప్పటి ఆశువు - ఇవి స్టూడియోలో లేవు. దీనికి కాసెట్టును నిందించుట న్యాయముకాదు. అది లేకున్న ఆ గొంతులలో కొన్నియైన మనకు మిగులుట కష్టము.

1982లో వచ్చిన సీడీ ధ్వనిని అంకెలుగా మార్చినది. ప్రతి సెకనునకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను పదునారు బిట్లలో వ్రాయుట దాని పద్ధతి. రెండు వాహికలకు గంటకు సుమారు 63 కోట్ల 50 లక్షల బైట్లగును. ఎంపీత్రీ యను సంక్షేపపద్ధతి చెవికి అంతగా తెలియని అంశములను వదలివేయును. సెకనునకు 64 వేల బిట్ల చొప్పున గంట ప్రసంగము 2 కోట్ల 88 లక్షల బైట్లలో ఇముడును. రెండు గిగాబైట్ల మెమరీ కార్డున దాదాపు 69 గంటలు పట్టును. వ్రేలిగోరంతటి కార్డు సెల్‌ఫోనులోనికి వచ్చిన పిమ్మట, మన పట్టణముల సెల్‌ఫోను దుకాణములలో కొద్దిరూపాయలకు కార్డు నింపియిచ్చుట ఒక వృత్తియే అయినది. నాట్లు వేయుచోట, గొఱ్ఱెల వెంట, ఆటోలో మల్లన్నకథ మరల వినబడినది. ఆ నింపుటలో అధికభాగము చట్టవిరుద్ధమే. కథకునకు కాసు ముట్టలేదు. అంతకంటె బాధాకరము, కార్డులోని ఫైలునకు పేరు ట్రాక్ 01 మాత్రమే! కథకుని పేరు, ఊరు, వంత చెప్పినవారి పేర్లు కాసెట్టు అట్టతోపాటు పోయినవి.

పరిశోధక విద్యార్థుల నిమిత్తము పద్ధతిని కొంత వివరింతుము. కొన్న కాసెట్టును మార్చువాడు మొదట యంత్రపు శీర్షమును శుభ్రపరచవలె. శీర్షము నాడాకు సరియైన లంబమున లేకున్న హల్లులు మసకబారును. వేగము తప్పిన శ్రుతి తప్పును. కథకుని వయస్సే మారినట్లు తోచును. యంత్రము యొక్క వెలుపలి తీగను కంప్యూటరునకు కలిపి, తొలుత సంక్షేపములేని రూపమున నిలుపవలె. దానినుండియే ఎంపీత్రీని తీయవలె. ఎంపీత్రీనుండి మరల ఎంపీత్రీని తీయుట పలుచనైన మజ్జిగలో మరల నీరు పోయుటయే. ఒంటిగొంతు పఠనమునకు ఒక వాహిక, 64 వేల బిట్లు చాలును. ఒగ్గుకథకు చాలవు. తాళముల మ్రోత ఆ చొప్పున చిరచిరలాడును. దానికి 128 వేలకు తగ్గరాదు. ప్రకరణములను విడదీసి 01, 02 అని ముందు సంఖ్యనుంచవలె. చిన్నయంత్రములు పేరువరుసనే పాడును. తెలుగులిపిలోని పేరును చౌకయంత్రములు పెక్కు గడులుగా చూపును. అచట రోమను లిపి వాడుక తప్పదు. మూలప్రతికి మాత్రము తెలుగు పేరే యుంచుట ఉచితము. ఎం4బీ యను రూపమున ప్రకరణములన్నియు ఒకే ఫైలున నుండును. అది పెద్దఫోనులో సుఖమే. చిన్నయంత్రము దానిని గుర్తింపదు, గుర్తించినను ఆపినచోటు మరచును.

ఇక తాళము వేసిన ఫైళ్ల ప్రసక్తి. 1995లో స్థాపితమైన ఆడిబుల్ కంపెనీ రెండుగంటల ధ్వని పట్టు చిన్నయంత్రమును 1997లో వెలువరించెను. 2008లో అమెజాను దానిని కొనెను. 2018లో మనదేశమున సేవ నారంభించెను. ఇందలి ఫైలు కొన్నవాని ఖాతాకు ముడివడి యుండును; వారి అనువర్తనమున పలుకును, మెమరీ కార్డు వేసిన చౌకయంత్రమున పలుకదు. డబ్బిచ్చినవాడు కొన్నది గ్రంథమును గాదు, వినుటకు అనుమతిని. ఒప్పందపు షరతులలో ఈ మాట యుండును, చదువువారు అరుదు.

1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో చేసిన సవరణలు ఇచట గమనింపదగినవి. 52వ విభాగము వ్యక్తిగత వినియోగమునకు, పరిశోధనకు చేయు న్యాయమైన వినియోగమును ఉల్లంఘనము కాదన్నది. అందుకై గ్రంథమును ఎలక్ట్రానిక్ మాధ్యమమున నిలుపుటను గూడ అనుమతించినది. అదే విభాగము, వికలాంగులకు అందుబాటైన రూపములోనికి గ్రంథమును మార్చుటకు, లాభాపేక్ష లేకుండ వారికిచ్చుటకు అవకాశ మొసగినది. సవరణవలన చేరిన 65ఏ విభాగము, హక్కును ఉల్లంఘించు ఉద్దేశముతో తాళమును దాటినవానికి రెండేండ్ల వరకు కారాగారము, జరిమానా విధించినది. అయితే చట్టము స్పష్టముగా నిషేధింపని ప్రయోజనమునకై దాటినచో అది వర్తింపదు. ఇతరుడు దాటుటకు తోడ్పడినవాడు మాత్రము ఆతని పేరు, చిరునామా, ప్రయోజనము వ్రాసి యుంచవలెను. కార్డు నింపు దుకాణమువాడు ఇట్టి దస్త్రము నుంచునని ఎవరాశింతురు! కావున మా అభిప్రాయమున, కొన్నవాడు తన చెవికొరకు తాను మార్చుకొనుట ఒకటి. దానిని నూరుగురి కార్డులలో నింపుట మరియొకటి. మొదటిదానికి చట్టము దారి విడిచినట్లే తోచుచున్నను, ఒప్పందపు షరతు దానిని అడ్డగింపవచ్చును. రెండవది కథకుని నోటికూటిని తీయుట. పోతన భాగవతమును ప్రతివ్రాసిన లేఖకుని మొదటివానితోనే పోల్పవలె.

అంధుల విషయమున మనదేశము ముందున్నది. అంధుల గ్రంథప్రాప్తికై 2013లో జరిగిన మారకేష్ ఒడంబడికను 2014లో మొట్టమొదట ధ్రువీకరించిన దేశము మనదే. 2016లో వెలసిన సుగమ్య పుస్తకాలయము అట్టి గ్రంథములను అంతర్జాలమున అందించుచున్నది. ఒగ్గుకథ, చిందు, కోయ డోలీ పాటలు ఇట్టి సంచయములలో ప్రకరణ విభాగముతో, పేర్లతో చేరవలసి యున్నది. విభాగము లేని ఆరుగంటల ఫైలు అంధశ్రోతకు దారిలేని అడవియే.

ధ్వనిముద్రణముపై హక్కు, వెలువడిన మరుసటి యేడాది మొదలు అరువదేండ్లు నిలుచును. 1985లో వెలువడిన ఒగ్గుకథ కాసెట్టుపై హక్కు 2045 చివరివరకు ఉండును. నాడా అంతకాలముండునని చెప్పలేము. ముద్రించిన చిన్న కంపెనీలలో పెక్కింటికి నేడు చిరునామా లేదు. మూలనాడా ఎవరియొద్ద నున్నదో అడుగుటకు మనిషి లేడు. మిగిలినది కొన్నవారి ఇండ్లలోని ప్రతి. విద్యార్థి అట్టి ప్రతిని చేతబట్టినపుడు ధ్వనికంటె ముందు అట్ట రెండు ప్రక్కలను ఛాయాచిత్రము తీయవలెను. వంత చెప్పినవారి పేరు, డోలు కొట్టినవారి పేరు చిన్న అక్షరములలో లోపలిప్రక్క నుండుట కలదు.