అనుబంధంలో దాగిన చరిత్ర

న్యూజీలాండ్‌లో ప్రాక్టీసు చేసే వైద్యులందరికీ ‘ఇమ్యునైజేషన్ హ్యాండ్‌బుక్’ అనే ప్రభుత్వ గ్రంథంతో పరిచయం ఉంటుంది. చదువుకునే ఆనందం కోసం దాన్ని తెరిచేవారు ఉండరు. మోతాదులు చూసుకోవడానికి తెరుస్తాం, మూసేస్తాం. అయితే ఈ దేశంలో ఏ టీకా ఏ సంవత్సరం వచ్చిందో చెప్పే అనుబంధం ఒకటి అందులో ఉంది. పొడిపొడి వాక్యాలే. కానీ ఒక రాత్రి డ్యూటీలో అది చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆపలేకపోయాను.

కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు. ఈ మూడింటికీ కలిపి వేసే సూదిని మనవాళ్ళు ‘ట్రిపుల్ యాంటిజెన్’ అనేవారు. నిజానికి ఇవి ఒక తానులో ముక్కలు కావు. మొదటి రెండింటిలో ప్రాణం తీసేది క్రిమి విడిచే విషం. 1923లో ఫ్రాన్సులో గాస్టన్ రామోన్ కంఠసర్పి విషాన్ని ఫార్మలిన్‌తో కోరలు తీసిన పాములా మార్చగలిగాడు. న్యూజీలాండ్‌లో 1926లోనే కొన్ని బడుల్లో, అనాథాశ్రమాల్లో కంఠసర్పి టీకా మొదలైంది. 1941 నుంచి ఏడేళ్ళలోపు పిల్లలకు క్రమంగా వేయసాగారు.

కోరింత దగ్గు అంత తేలికగా లొంగలేదు. దాని క్రిమిని బోర్డే, జాంగూ 1906లోనే పెంచి చూపినా, నమ్మదగిన టీకా కోసం పాతికేళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది. అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ పట్టణంలో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అనే ఇద్దరు మహిళలు, ఆర్థికమాంద్యపు రోజుల్లో, పగటి ఉద్యోగం ముగిశాక పేదల ఇళ్ళకు వెళ్ళి, కిరసనాయిలు దీపాల వెలుగులో దగ్గే పిల్లల నోటి ముందు పళ్ళేలు పట్టి క్రిములను సేకరించారు. తరువాత మూడు టీకాలనూ ఒకే సీసాలో కలిపిన తొలి కృషిలోనూ వారి చేయి ఉంది. వైద్య చరిత్రలో వాళ్ళకు దక్కిన చోటు చాలా చిన్నదని నా ఫిర్యాదు.

న్యూజీలాండ్‌కు కోరింత దగ్గు టీకా 1945లోనూ, మూడూ కలిసిన టీకా 1958లోనూ వచ్చాయి. నన్ను ఆపినది 1971 నాటి వాక్యం. అల్యూమినియం లవణం చేర్చిన, మరింత బలమైన టీకా అందుబాటులోకి రావడంతో మూడు మోతాదులను రెండుకు తగ్గించారు: మూడో నెలలో ఒకటి, అయిదో నెలలో ఒకటి. లెక్క సబబుగానే కనిపిస్తుంది. విషాన్ని ఎదుర్కొనే రెండు భాగాల విషయంలో అది చెల్లేదేమో. కోరింత దగ్గు విషయంలో చెల్లలేదు. ఆసుపత్రుల్లో చేరే పసివాళ్ళు పెరిగారు. 1984లో ఆరో వారంలో మరో మోతాదు చేర్చారు. రెండు వాక్యాల మధ్య పదమూడేళ్ళు. ఆ ఖాళీలో ఎందరు తల్లులు ఊపిరందక నీలమైపోయే బిడ్డను ఎత్తుకుని రాత్రంతా కూర్చున్నారో అనుబంధం చెప్పదు. చెప్పడం దాని పని కాదు కూడా.

ఒకే సీసాలో ఉన్నా మూడింటి స్వభావాలు వేరని ఆ తరువాతి చరిత్ర కూడా చూపింది. జ్వరం, వాపు తక్కువగా ఉండే కణరహిత టీకా 2000లో వచ్చింది. దాని రక్షణ త్వరగా సడలుతుందని పిమ్మట తెలిసింది. 2008 నుంచి ఒకే సూదిలో ఆరు జబ్బులకు రక్షణ. 2013 నుంచి గర్భిణులకు ఉచితంగా టీకా. తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు మాయ ద్వారా బిడ్డకు చేరి, ఆరో వారం దాకా కాపు కాస్తాయి. అయినా 2023లో ఇక్కడ ముగ్గురు పసికందులు ఈ దగ్గుతో మరణించారు. 2024 నవంబరులో దేశవ్యాప్తంగా మహమ్మారి ప్రకటించారు.

మనుమడిని చూసుకోవడానికి తెలుగునాట నుంచి వచ్చిన అమ్మమ్మలు అప్పుడప్పుడు క్లినిక్‌కి తోడు వస్తారు. “నెలన్నరకేనా బాబూ? మా అమ్మాయికీ అప్పుడే వేయించాం” అంటారు. అవునమ్మా, రెండు దేశాల్లోనూ మొదటి సూది ఆరో వారానికే అంటాను. ఆ తరువాత, మీరెప్పుడు వేయించుకున్నారని అడుగుతాను. ఎవరికీ గుర్తుండదు.