సీమ తునికి

విశాఖపట్నం పండ్ల దుకాణాల్లో నారింజ రంగు టమాటాలా కనిపించే పండును పెర్సిమన్ అని అమ్ముతున్నారు. ఆ పేరు ఇంగ్లీషువాళ్ల సొంతం కాదు. 17వ శతాబ్దం మొదట్లో వర్జీనియా తీరంలో దిగినప్పుడు అక్కడి పొవ్హాటన్ జనం నోట విని తెచ్చుకున్నదే. అమెరికా అడవిచెట్టు పేరును ఆ తర్వాత చైనా, జపాన్ పండుకూ తగిలించారు. జపాన్‌వాళ్లు దాన్ని 'కాకి' అంటారు. ఆ పేరుతో మన దగ్గర అమ్మితే బేరం కుదరడం కష్టం! తెలిసిన చెట్టు పేరుతో కొత్తదాన్ని పిలవడం తప్పు కానప్పుడు, మనకూ ఆ కుటుంబంలోనే ఒక చుట్టం ఉంది. అదే తునికి.

చుట్టరికం ఊహించి చెబుతున్నది కాదు. 1781లో సామర్లకోట చేరిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ తీరపు మొక్కలకు బొమ్మలు వేయించాడు. 1795లో అచ్చయిన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలో తునికి 'డయాస్పైరస్ మెలనోజైలాన్'. జపాన్ పండు 'డయాస్పైరస్ కాకి'. ఇంటిపేరు ఒకటే. పండు నెత్తిన ఊడకుండా అంటిపెట్టుకునే తొడిమ రేకులు రెండింటికీ ఉన్నాయి. మెలనోజైలాన్ అంటే గ్రీకులో నల్లకర్ర. విశాఖ కంసాలులు దంతం పొదిగి సీమకు పంపిన పెట్టెల్లో ఆ నల్లకర్ర కూడా వాడారు, అయితే అది ఎబొనీగానే పేరు పడింది. ఆకు బీడీల పాలైంది; తెలంగాణ చట్టంలో దాని పేరు 'అబ్నూస్'. ఆకు కోసం ఏటా కొమ్మలు కొట్టి చిగుళ్లు రాబడతారు. పండ్లు కావాలంటే చెట్టును ఎదగనివ్వాలి. కర్రకూ ఆకుకూ గిరాకీ ఉండబట్టి పండు పేరు అడవి దాటలేదని నా అనుమానం.

తునికి పండులో గింజే ఎక్కువ, గుజ్జు తక్కువ, పచ్చిది నోట పెడితే వగరు, దానికీ కాకికీ పోలికేమిటని అడగవచ్చు. కాకిలోనూ మెత్తబడేదాకా నోరు పట్టేసే రకాలున్నాయి; గట్టిగా ఉండగానే తినగలిగేవి కొన్నే. జాతులు వేరు కదా అంటారా, నిజమే. కానీ అమెరికా నుంచి వచ్చిన చెట్టును సీమచింత అన్నప్పుడు మనం ఇంత పట్టింపు చూపలేదు. అది చింత ప్రజాతికి చెందినదే కాదు. ఆ లెక్కన సీమ తునికి అనడానికి ఎక్కువ హక్కుంది. ఈసారి దుకాణంలో ఆ పేరుతోనే అడిగి చూడండి.